పావని నెత్తిమీది చేతులు

నూకరాజు వేసిన ఒట్లు ఎక్కడికీ పోవు, పాప నెత్తిమీదే ఉంటాయి. ఇక తాగనని ఒట్టేసి, సాయంత్రానికి మాట తప్పిన ప్రతిసారీ అతని అరచెయ్యి ఒకటి పావని తలమీద ఉండిపోతుంది. అసలు చెయ్యి మణికట్టుకి అలాగే ఉంటుంది కనక ఐసు ఫ్యాక్టరీలో పనికేమీ ఇబ్బంది లేదు.

ఆ చేతులు పేర్చిన అట్లలా ఒకదానిమీద ఒకటి పెరిగి, ఇప్పుడు గుమ్మం ఎత్తుకొచ్చాయి. పావనికి ఎనిమిదేళ్ళు. తల ఎత్తలేదు. ఇంట్లో తిరిగేది తండ్రేనని పాదాలు చూసి గుర్తుపడుతుంది. బడికి పంపేటప్పుడు తల్లి దాన్ని పక్కకి వంచి, బీరువాని దాటించినట్టు గుమ్మం దాటిస్తుంది. కొబ్బరినూనె రాసి లాగి చూశారు కానీ ఒక్కటీ ఊడి రాలేదు.

"ఇంకోటి పడితే మెడ ఆగదు," అంటుంది అనంతలక్ష్మి, పప్పుకి తిరగమోత పెడుతూ. ఆవిడ ఏడవడం ఎప్పుడో మానేసింది. "తాగుడు మానేసినోళ్ళు కూర్చునే మీటింగేదో ఉందంట. ఎల్లి కనుక్కో."

నూకరాజుకి పాప మెడ గురించి భయంగా ఉంది. మీటింగంటే ఇంకా భయంగా ఉంది. అయినా చొక్కా తొడుక్కుంటాడు.

ఆటో స్టాండులో దారి అడిగితే అందరూ ఒకేసారి బ్రాందీ షాపు వైపు చెయ్యి చూపిస్తారు. వాళ్ళని అని లాభం లేదు. ఈ సాయంత్రం కాకినాడలో వీధులన్నీ అటే తిరిగి ఉన్నాయి. జగన్నాథపురం వంతెన కూడా తన చోటు వదిలేసి అటే మళ్ళింది.

షాపులో గవర్రాజు అలవాటు కొద్దీ క్వార్టరు తీసి కౌంటరు మీద పెడతాడు.

"అది కాదు. మానేసినోళ్ళు ఎక్కడ కూర్చుంటారో చెప్పు."

గవర్రాజు ఏమీ నొచ్చుకోకుండా సీసా వెనక్కి పెట్టేస్తాడు. "అందరూ మా పాత బేరాలే కదండీ, నాకు కాక ఎవరికి తెలుస్తాది? ఈ అరల ఎనకాల మెట్లున్నాయి. సీసాలకేసి చూడకుండా ఎక్కండి. చూశారంటే మెట్లు కిందకి దిగిపోతాయి."

నూకరాజు చూడనే చూస్తాడు. మళ్ళీ కౌంటరు దగ్గరే తేలతాడు. ఈసారి కళ్ళు గట్టిగా మూసుకుని ఎక్కుతాడు.

పైన ఒకటో తరగతి గది ఉంది. ఒళ్ళొచ్చిన మనుషులు పిల్లల బల్లల మీద, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని గుండ్రంగా కూర్చున్నారు. గుమ్మం బయట చెప్పుల పక్కన ఇంటిపేర్లు కూడా విడిచి ఉన్నాయి. నూకరాజు తనది విడిచి, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని ఒకసారి వెనక్కి చూస్తాడు. దాని పరువు ఊరందరికీ తెలిసిందే, ఎవరూ ముట్టుకోరు.

గ్యాసు స్టవ్వులు బాగుచేసే సుభానీ ముందు లేస్తాడు. "నేను సుభానీని. తాగుబోతుని."

"నమస్కారం సుభానీ గారూ," అంటారందరూ.

అతను మాట్లాడుతున్నంతసేపూ గది పొడుగవుతూనే ఉంటుంది. మాట వినపడ్డం తగ్గినప్పుడల్లా తక్కినవాళ్ళు బల్లలు కాస్త ముందుకి జరుపుకుంటారు.

తరవాత నూకరాజు వంతు. లేచి నిలబడతాడు. అతనికి అలవాటైన మాట ఒక్కటే, అదే వచ్చేస్తుంది. "మా పాప మీద ఒట్టండి, రేపట్నించి..."

నూకరాజు కుడిచెయ్యి దానంతటదే లేచి, అరచెయ్యి కిందికి తిప్పుకుని, ఎనిమిదేళ్ళ పిల్ల ఎత్తులో గాలిని తడుముతోంది. దించాలని చూస్తాడు, దిగదు. ఇంటి దగ్గర పావని మెడ కిర్రుమనడం ఇక్కడికి వినిపిస్తుంది. చీపురుపుల్ల విరగబోయే ముందు చేసే చప్పుడు అది.

సుభానీ వచ్చి ఆ చేతిలో వేడి టీ గ్లాసు పెడతాడు. "పట్టుకోండి. ఖాళీ చెయ్యే ఒట్టేస్తాదండి."

వేళ్ళు గ్లాసు చుట్టూ ముడుచుకుంటాయి. కాలుతుంది, అయినా వదలడు.

"రేపటి సంగతి ఇక్కడ ఎవరం మాట్లాడమండి. ఇయ్యాళ తాగారా?"

"లేదండి."

"అదే చెప్పండి."

"నేను నూకరాజుని. తాగుబోతుని. ఇవాళ తాగలేదు." చెప్పాక సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి. అందరూ నమస్కారం పెడతారు. "మా పాప తలమీదయి ఎప్పుడు తీస్తారండి?"

"మేం తియ్యమండి, అయి మీ చేతులు. తాగని రోజుకొకటి దిగుతాది. మీరు ఇంటికాడ ఉండాలి మరి. లేకపోతే ఎవరి దగ్గిరికి దిగాలో దానికెలా తెలుస్తాది?"

వీధులు ఇంకా బ్రాందీ షాపు వైపే తిరిగి ఉన్నాయి కాబట్టి నూకరాజు ఇంటిదాకా వెనక్కి వెనక్కి నడుస్తాడు.

పావని నట్టింట్లో గోడవారగా తల వంచుకుని నిలబడి ఉంది. అతను ఎదురుగా వెళ్ళి నిలబడతాడు. అన్నిటికన్నా పైనున్న చెయ్యి వేళ్ళు కదుపుతుంది. గోడ పట్టుకుని దిగి, నేలమీద నడిచొచ్చి, లుంగీ మీదుగా పాకి, అతని నెత్తిమీద కూర్చుంటుంది.

ఐసు దిమ్మలు మోసిన మెడ ఆ ఒక్క చేతికే వంగిపోతుంది. ఇలాంటివి ఇన్ని మోస్తోందా నా తల్లి, అనుకుంటాడు. ఏడుపొస్తుంది, ఆపుకోడు. బరువుకి సిమెంటు నేల మెత్తబడి, మోకాళ్ళ దాకా, తరవాత నడుం దాకా దిగబడిపోతాడు. కాళ్ళు పీక్కోవాలని చూడడు.

పావని తల వంచినట్టే ఉంది. పాదాలు ఉండాల్సిన చోట ఒక మొహం కనిపిస్తే, ఎవరిదో పోల్చుకోడానికి దానికి కొంచెంసేపు పడుతుంది.

"నాన్నా, నీకు మీసాలు నెరిసిపోయాయి," అంటుంది.

అనంతలక్ష్మి వంటింట్లోంచి వచ్చి, నేల గట్టిపడిపోకుండా అతని చుట్టూ చెంబుతో నీళ్ళు పోస్తుంది.