తల ఊపిన పాపం

ఆళ్లగడ్డలో రాతిని తట్టి దాని మంచిచెడ్డలు చెప్పడంలో కొండయ్యను మించినవాడు ఒక్కడే: అతనికి పిల్లనిచ్చి, పనీ నేర్పిన మామ సంజీవయ్య. అలాంటి కొండయ్యకు 1982లో బల్గేరియా అనే దేశం నుంచి పిలుపొచ్చింది. సముద్రం ఒడ్డు ఊరట. పది దేశాల శిల్పులు రెండు నెలలు ఒకచోట ఉండి, తలా ఒక బొమ్మ చెక్కి ఆ ఊరికే వదిలి రావాలట. ఉత్తరం చదివిపెట్టింది నంద్యాల డ్రాయింగు మాస్టరు జ్ఞానప్రకాశం.

"వాళ్ల మాట నాకు రాదే సారూ," అన్నాడు కొండయ్య.

"మాటెందుకప్పా? ఔనంటే తల కిందికి ఊపు, కాదంటే అడ్డంగా ఊపు. యాడికి పోయినా మనుషులే గదా!"

మాస్టరుగారు చూసిన లోకం కర్నూలు దాకానే. అయినా ఉచిత సలహాకు కొదవేముంది?

అక్కడ కొండయ్యకు ఆరడుగుల తెల్లరాయి ఇచ్చారు. సుత్తితో తట్టాడు. మంచి రాయి గంటలా పలకాలి. ఇది పగిలిన కుండలా పలికింది. లోపలెక్కడో నెర్రె ఉంది. పనులు చూసే పెద్దాయన వచ్చి, రాయి సరేనా అన్నట్టు చెయ్యి చూపించాడు. కొండయ్య తల అడ్డంగా ఊపాడు. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. భుజం తట్టి వెళ్లిపోయాడు. మర్నాడు కొండయ్య ఇంకా గట్టిగా ఊపాడు. మెడనొప్పి వచ్చింది గానీ రాయి మారలేదు. పిలిచినవాళ్ల తిండి తింటూ ఊరికే కూర్చోవడానికి సిగ్గేసి, దేవుడి మీద భారం వేసి సరస్వతిని మొదలుపెట్టాడు.

ఏడో వారంలో, వీణ తీగలు దిద్దుతుండగా, మెడ దగ్గర టప్పుమంది. అమ్మవారి తల ఇసుకలో పడింది. తెలిసి తెలిసి చెప్పుకోలేకపోయానే అని కొండయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

భిన్నమైన, అంటే విరిగిన విగ్రహాన్ని నీళ్లలో కలపాలి. దాన్ని నిలబెట్టినవాడు మళ్లీ ఉలి ముట్టకూడదని సంజీవయ్య మాట. సముద్రం ఎదురుగానే ఉంది. కొండయ్య ఆ తలను ఎత్తుకుని అటు నడవబోతే, మునిగి చస్తాడేమోనని నలుగురొచ్చి పట్టుకున్నారు.

పక్కన పనిచేసే జపాను శిల్పి జాలిపడి కాగితం మీద రెండు తలలు గీసి చూపించాడు. ఈ దేశంలో అడ్డంగా ఊపితే ఔనని, కిందికి ఊపితే కాదని. కొండయ్య తన మెడ తడుముకున్నాడు. ఆ రాయి బాగుందని తనే ఒప్పుకున్నాడన్నమాట!

మర్నాడు పెద్దాయన జిగురు డబ్బా తెచ్చాడు. అతికించి నిలబెడదామా అని సైగ చేశాడు. కొండయ్య ఈసారి జాగ్రత్తగా, ఆ దేశపు పద్ధతిలో, తల కిందికి ఊపాడు. వద్దని. కానీ ఆ జపాను మహానుభావుడు పెద్దాయనకు కూడా అదే కాగితం చూపించి, ఇండియావాళ్లు కిందికి ఊపితే ఔనని అర్థం చెప్పి ఉన్నాడు. మంచివాళ్లతో వచ్చిన చిక్కే ఇది. పెద్దాయన సంతోషంగా డబ్బా మూత తీశాడు. కొండయ్య ఆయన కాళ్ల మీద పడ్డాడు. కృతజ్ఞత కాబోలనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

సముద్రం ఒడ్డున సరస్వతిని నిలబెట్టారు. కింద ఇంగ్లీషులో కొండయ్య పేరు చెక్కించారు. ఫోటో తీసి ఇచ్చి, దండ వేసి పంపించారు.

ఆళ్లగడ్డలో ఆ ఫోటో చేతులు మారింది. జ్ఞానప్రకాశం నంద్యాల నుంచి పనిగట్టుకుని వచ్చి, రాతి మీది పేరును పైకి చదివి వినిపించాడు. చివరికది సంజీవయ్య చేతికొచ్చింది. ఆయన వెలుగులోకి తిప్పుకుని చాలాసేపు చూశాడు.

"మెడకాడ ఆ గీత ఏందప్పా?"

రెండు నెలలు మాట దొరక్క అల్లాడిన మనిషి. ఇక్కడ మాటలకేం తక్కువ?

"హారం మామా," అన్నాడు కొండయ్య.

సంజీవయ్య ఫోటో తిరిగిచ్చాడు.

"హారమైతే పూసలు యాడ?"