తూచని మట్టి

మామగారి దృష్టిలో బరువు లేనిదేదీ సరుకు కాదు. గోదాములో కాటా దగ్గరే తల నెరిసిన మనిషి. పుచ్చకాయనైనా పెళ్లి సంబంధాన్నైనా తూచినట్టే చూసేవాడు. అందుకే, బాల్కనీ మొక్కల కోసం కోడలు కొబ్బరిపొట్టు, ఎరువు, కాస్త ఇసుక కలిపిన బస్తా తెస్తే, ఒంటిచేత్తో పైకెత్తి నవ్వాడు.

"ఇది మట్టా అమ్మాయ్, దిండులో దూదా? మొక్క దీన్లో నిలబడుతుందా, పడుకుంటుందా?"

"వేళ్లకి గాలాడాలి మామయ్యగారూ. నీళ్లు కిందికి జారిపోవాలి."

"గాలికి కిటికీ ఉందిగా. మట్టన్నాక బరువుండాలి!"

మొగుడు యథాప్రకారం గోడ మీద పిల్లి. ఎదుటి స్థలంలో పునాదులు తవ్విపోసిన బంకమట్టిని మామగారు పైకి మోయించి, పిట్టగోడ వెంట పెద్ద పెద్ద సిమెంటు తొట్లు నింపించాడు. కారే నీళ్లు తన బట్టల మీద పడుతున్నాయని కింది ఇంటి పిన్నిగారు గొడవపెట్టుకుంటే, తొట్ల అడుగు బెజ్జాలన్నీ సిమెంటుతో పూడ్చేశాడు. పిన్నిగారి నోరు మూతపడింది. మొక్కల నోరూ మూతపడింది. ఆకులు పసుపు తిరుగుతుంటే దాహమేమోనని ఆయన ఇంకా పోశాడు.

వానాకాలం మొదట్లో బాల్కనీ తలుపు నేలకి గీసుకోవడం మొదలైంది. చెక్క ఉబ్బిందన్నాడు మామగారు. కింది పిన్నిగారు మళ్లీ కేకేసింది: "ఏమ్మా, మీ బాల్కనీ అడుగు నుంచి సున్నం రాలుతోంది, నా దుప్పటి చూడు!"

ఆ మధ్యాహ్నం కోడలి చేతిలోంచి నిమ్మకాయ జారింది. ఇన్నేళ్లూ బాల్కనీలో ఏది పడినా గోడ మూలనున్న తూము వైపే దొర్లేది. ఇది కాసేపు ఆలోచించి, పిట్టగోడ వైపు బయల్దేరింది.

బాల్కనీ బయటికి వంగుతోందని కోడలికి అర్థమైంది. కానీ ఈ ఇంట్లో మాటకి బరువు లేదు. అటక మీది కొక్కెం కాటా దించి, బాల్కనీ గుమ్మంలోనే నిలబడింది.

"మామయ్యగారూ, ఇదింకా పనిచేస్తుందా? తుప్పు పట్టినట్టుంది."

"నా కాటాకా తుప్పు?" ఆయన పౌరుషంగా బాల్కనీలోని కుర్చీలోంచి లేచాడు.

తడిపిన కొబ్బరిపొట్టు మిశ్రమం ఒక డబ్బాడు తూచాడు. ముల్లు బద్ధకంగా కదిలింది. తొట్టిలో తడి బంకమట్టి అదే డబ్బాతో తీసి తూచాడు. ముల్లు జర్రున దిగింది. ఆయన ఒక్కో తొట్టినీ చూస్తూ పోయాడు. లెక్క కడుతూ పెదవులు కదిలాయి, ఆగిపోయాయి. జీవితమంతా పరాయి సరుకు తూచినవాడు తన నెత్తికెత్తుకున్నది తూచనేలేదు.

"అమ్మాయ్," అన్నాడు, ఎన్నడూ లేనంత మెల్లగా. "నువ్వు గుమ్మం దగ్గర్నించి వెనక్కి జరుగు. నేనొస్తున్నా."

చెప్పులు అక్కడే వదిలి, నిద్రపోతున్న పసిబిడ్డ పక్కనుంచి లేచినట్టు, గోడ పట్టుకుని వచ్చాడు. గుమ్మం దాటుతుంటే నేలలో ఎక్కడో చిటుక్కుమంది.

కోడలు కిటికీలోంచి కింది పెరట్లోకి అరిచింది: "పిన్నిగారూ! లోపలికెళ్లండి!"

"ఇప్పుడేగా ఆరేసింది!"

"బట్టలు పోతే పోనీండి, ముందు మీరెళ్లండి!"

పిన్నిగారి తలుపు దభాలున పడింది. మొగుడు ఫోన్లో కూలీలని బతిమాలుతున్నాడు. తొట్లు దించడానికి రేపు వస్తారట.

కిటికీ అద్దంలోంచి మామగారు ఆకాశం కేసి చూస్తున్నాడు. మబ్బు కిందికి దిగింది. మొదటి చినుకు తొట్టిలో పడింది.

అడుగున బెజ్జం లేని తొట్లు, ఒక్కొక్కటిగా, తాగడం మొదలుపెట్టాయి.