ఏడింటి లెక్క

రైల్వే ప్లానింగ్ ఆఫీసులో ఊడ్చే ఆవిడను అందరూ చాటుగా గయ్యాళి అంటారు. ఎదురుగా అనే దమ్ము ఎవరికీ లేదు. తడి ఆరకముందే నేల తొక్కినవాళ్లకు ఏడు తరాల వాళ్లతో కలిపి తిట్లు పడతాయి.

ఆ ఆఫీసు గోడకు పెద్ద పటం ఉంది. ఊరు పెరిగి పొలిమేర దాటింది కదా, రోజూ పనికి వెళ్లొచ్చేవాళ్ల కోసం లోకల్ రైలు వేస్తున్నారు. పట్టాలు పడ్డాయి. వచ్చే ఏడాదికి స్టేషన్లు. స్టేషను వచ్చే ప్రతి చోటా ఎర్ర గుండుసూది గుచ్చారు. ఆవిడ ఉండే గుట్ట కాలనీ మీదా ఒకటి ఉండేది. అక్కణ్ణుంచి ఆఫీసుకు గంటన్నర నడక. ఆవిడ బయల్దేరే వేళకు బస్సులుండవు. ఇలాగే నడిస్తే మోకాలు రెండేళ్లకు మించి పనిచెయ్యదని డాక్టరు తేల్చేశాడు. కాలు పోతే పని పోయినట్టే. అందుకే దుమ్ము దులిపే వంకతో ఆ సూదిని రోజూ తడిమి చూసుకునేది.

ఒక సోమవారం సూది లేదు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఇంజనీరు వచ్చేదాకా ఆయన గది గుమ్మంలోనే కాపు కాసింది.

"మా సూది ఎవడు పీకాడు?"

"మీ కాలనీలో రైలెక్కేవాళ్లు లేరమ్మా," అన్నాడు ఇంజనీరు సంచీ దించుకుంటూ. "మీ కూడలిలో మనుషుల్ని పెట్టి లెక్క తీశాం. పనికెళ్లేవాళ్లు పంతొమ్మిది మంది."

"పంతొమ్మిదా! మా కుళాయి దగ్గర జుట్లు పట్టుకునేవాళ్లే అంతకంటే ఎక్కువ. ఎన్నింటికి లెక్కపెట్టారేంటి?"

"ఏడింటి నుంచి పదింటిదాకా."

"ఏడింటికి నేను నీ బల్ల తుడుస్తుంటా నాయనా! మా ఆడవాళ్లంతా నాలుగున్నరకే గుట్ట దిగుతారు. మరి నీ బల్ల దానంతటదే తుడుచుకుంటోందనుకున్నావా?"

ఆయన మొహం కందగడ్డయింది. "రిపోర్టు పైకి వెళ్లిపోయింది. నీ పని నువ్వు చూసుకో."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈ ఊరు మాత్రం మంచి నోళ్ల మాట ఎన్నడూ విన్న పాపాన పోలేదు. శుక్రవారం స్టేషన్ల మీద పెట్టిన ప్రజాభిప్రాయ సభకు ఆవిడ కాలనీ ఆడవాళ్లందరినీ వెంటేసుకొచ్చింది. కుర్చీలు చాలక సగంమంది నడవాలో నిలబడ్డారు. పెద్ద అధికారి ముందే ఆవిడ ఇంజనీరు వైపు వేలు చూపించింది. "ఇప్పుడు లెక్కపెట్టు. పంతొమ్మిది దాకా వచ్చుగా, తర్వాత అంకెలు మేం చెప్తాం." సభ గొల్లుమంది.

పెద్దాయన మళ్లీ లెక్క తీయమన్నాడు. మర్నాడు తెల్లవారకముందే ఇంజనీరు రిజిస్టరు పట్టుకుని గుట్ట కింద నిలబడాల్సి వచ్చింది. మనిషికో గీత గీశాడు, గీతకో తిట్టు తిన్నాడు. నాలుగు వందల పన్నెండు గీతలు తేలాయి.

నెల తిరక్కుండా సూది మళ్లీ ఎక్కింది. ఆవిడ సంతోషం పట్టలేకపోయింది. పటం ముందు నిలబడి మోకాలు నిమురుకుంటూ తనలో తనే నవ్వుకుంది.

"తృప్తేనా?" అన్నాడు ఇంజనీరు వెనక నుంచి కటువుగా.

"మొదటి బండి ఎన్నింటికి?"

"ఆరున్నరకి."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "ఆరున్నరకి ఎక్కి ఎవరి ఆఫీసు తుడవాలి? ఆ పాటికి మేం చేరిపోయి, సగం పని చేసేసి ఉంటాం."

"స్టేషన్ల వరకే మా పూచీ. బండి టైములు వేరే విభాగం చూస్తుంది."

"ఎక్కడుంది ఆ విభాగం?"

"పై అంతస్తులో. లిఫ్టు మా స్టాఫుకి మాత్రమే, నువ్వు కాంట్రాక్టు మనిషివి."

ఆయన తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆవిడ చీపురు పటం కింద వదిలేసి, ఒక చేత్తో మెట్ల పక్క కమ్మీ, రెండో చేత్తో మోకాలు పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది.