అత్తగారి ముంజేతి పట్టీ

అత్తగారికి చెవులు దాదాపు వినపడవు. అందుకే పసిపిల్లను ఆమె దగ్గర వదిలి కుట్టుపని షాపుకు తిరిగి వెళ్లడానికి కోడలికి ధైర్యం చాలలేదు. చివరికి ఎలక్ట్రానిక్స్ పుస్తకం ముందేసుకుని నేర్చుకుని, మనం రాసిన ప్రోగ్రాం ప్రకారం నడుస్తూ, తీగ లేకుండానే ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే రెండు చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులు కొంది. ఒకదాన్ని శబ్దం పసిగట్టే సెన్సరుతో ఉయ్యాల పక్కన పెట్టింది. రెండోదాన్ని చిన్న మోటారుతో సహా గుడ్డపట్టీలో పెట్టి కుట్టి, అత్తగారి ముంజేతికి కట్టింది. పాప ఏడిస్తే పట్టీ వణుకుతుంది.

మొదటిరోజు కుక్కర్ కూతకు కూడా వణికింది.

"ఇది నన్ను కుదురుగా కూర్చోనిచ్చేలా లేదే," అంది అత్తగారు.

శబ్దం పది సెకన్లు దాటితేనే కదిలేలా కోడలు ప్రోగ్రాం మార్చింది.

మర్నాడు పాపను నిద్రపుచ్చి, వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. మెట్ల దగ్గరికి రాగానే ఏడుపు వినబడింది. రెండేసి మెట్లు ఎక్కుతుండగానే ఏడుపు ఆగిపోయింది. తలుపు తీసేసరికి పాప నాయనమ్మ భుజం మీద ఉంది.

"ఎందుకే ఆ పరుగు? నేను లేనూ?"

కోడలు గుమ్మంలోనే కూలబడి నవ్వేసింది. కుట్టుమిషను తిప్పుతున్నట్టు చెయ్యి ఆడించి, వెళ్లనా అన్నట్టు చూసింది.

"రేపే వెళ్లు. అక్కడ నీ మిషను తుప్పు పడుతుంది."