ఏడో పట్టీ

గ్లోబు బంతిలా ఒక్క దెబ్బకు అచ్చులోంచి ఊడిపడుతుందని చాలామంది అనుకుంటారు. అదేం కాదు. ముందు అట్టతో గోళం చేస్తారు. ప్రపంచాన్ని పన్నెండు కాగితపు పట్టీలుగా అచ్చువేస్తారు. ఒక్కో పట్టీ పుచ్చకాయ ముక్క తొక్కలాగా నడుమ వెడల్పుగా, రెండు చివర్లా మొనదేలి ఉంటుంది. వాటిని తడిపి, జిగురు రాసి, ఒకదాని పక్కన ఒకటి గోళం చుట్టూ అంటిస్తే భూమి తయారవుతుంది. చెప్పడానికి ఇంతే. తడిసిన కాగితం మాత్రం చంటిపిల్లతో సమానం. లాగితే సాగుతుంది, వదిలేస్తే ముడుచుకుంటుంది.

ఆ కార్ఖానాలో పట్టీలు అంటించేది జిగురక్క. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది గానీ దాన్ని ఎవరూ వాడరు. ఎంత కడిగినా ఆమె వేళ్ళ సందుల్లోంచి ఎండిన జిగురు పొట్టులా రాలుతూనే ఉంటుంది. అది చూసి ఆ పేరు పెట్టింది వార్నీష్ బాబాయి. ఆరిన గ్లోబులకు మెరుగు పూసేది ఆయన. ఆయన కుంచె ఆగినా నోరు ఆగదు.

"జిగురక్కా, నిన్న నువ్వందించిన టీ గ్లాసు ఇంకా నా చేతినే పట్టుకుని ఉంది. రాత్రి దానితోనే పడుకున్నాను" అంటాడు.

"అదృష్టవంతుడివి బాబాయ్. నీ నోటికి అందించి ఉంటే ఊరంతా బాగుపడేది" అంటుంది ఆమె.

ఆమెది ఈ దేశం కాదు. పక్క దేశం. అక్కడ తమ్ముడి పుస్తకాల బైండింగు షెడ్డులో కుట్టుపని చేసేది. ఒక్కతే పిల్ల. దాని తండ్రి జబ్బుచేసి ముందే పోయాడు. తర్వాత వీధుల్లో తుపాకులు మోగడం మొదలైంది. కాల్పులు ఆగేవి, మళ్ళీ మొదలయ్యేవి. పిల్ల చెప్పులు వేసుకునే పడుకోవడం మొదలుపెట్టింది. ఎప్పుడు పరిగెత్తాల్సి వస్తుందో తెలియదు కదా అని తొమ్మిదేళ్ళ పిల్ల ఎంతో మామూలుగా చెప్పింది. ఆ మాట విన్న నెలలోనే జిగురక్క పిల్లను తీసుకుని సరిహద్దు దాటింది. అప్పటికీ ఇప్పటికీ అయిదేళ్ళు.

పోయిన వారం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఆరు నెలలుగా ఒక్క గుండు పేలలేదు. షెడ్డు తెరిచాను. బడి పుస్తకాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. పైగది నీకోసం సున్నం కొట్టించాను. ఆదివారం లోపు ఏదో ఒకటి చెప్పు. నువ్వు రానంటే నీ చోట్లో ఇంకొకరిని పెట్టుకోవాలి."

చెబుతానంది. సోమవారం పోయింది, మంగళవారం పోయింది. ఎవరైనా అడిగితే వెళ్ళాలని ఉందనేది. అది నిజం. పొద్దున్నే పిల్లను బడికి పంపి తలుపు వేస్తున్నప్పుడు ఉండాలని ఉండేది. అదీ నిజమే.

గురువారం ఊళ్ళోని బడి నుంచి ఆరు గ్లోబులు తిరిగొచ్చాయి, ఒక ఉత్తరంతో సహా. కార్ఖానా పెద్దాయన వాటిని బల్ల మీద వరసగా పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, అందరికీ వినపడేలా చదివాడు.

"అయ్యా, మీరు పంపిన గ్లోబులలో మా ఊరు లేదు. మా ఊరు చిన్నదే గానీ పాత గ్లోబులో ఉండేది. రైలుదారిలో మాకు అటున్న ఊరు ఉంది, ఇటున్న ఊరు ఉంది. మధ్యలో మేమే లేము. మేము మాత్రం రోజూ బడికి వస్తూనే ఉన్నాము. దయచేసి చూడగలరు."

వార్నీష్ బాబాయి పకపకా నవ్వాడు. "ఊరు మాయమైతే మనం ఎక్కడ నిలబడ్డట్టు మరి?"

పెద్దాయన నవ్వలేదు. ఆ ఊరి చుక్క ఆయన తండ్రి పట్టుబట్టి వేయించింది. "ఒక్కటైతే పొరపాటనుకుందును. ఆరింటిలోనూ ఒకేచోట పోయింది. అచ్చు తప్పంటావా?"

జిగురక్క చూపు ఉత్తరం మీద ఉంది. గుండ్రటి అక్షరాలు, తలకట్లు కాస్త పొడుగ్గా. ఆ చేతిరాత పాల జాబితాలో, వంటింటి గోడ మీది చీటీల్లో రోజూ చూసేదే.

"అచ్చు తప్పు కాదండీ, నా తప్పు" అంది.

కార్ఖానాలో ఒక పద్ధతి ఉంది. ఒకటో పట్టీలో సముద్రం తప్ప ఏమీ ఉండదు. పని అక్కడే మొదలవ్వాలి, తిరిగి అక్కడికే రావాలి. ఎంత జాగ్రత్తపడినా కాగితం కాస్త సాగుతుంది కనుక చివరి అతుకు దగ్గర ఒకటి ఇంకోదాని మీదికి ఎక్కుతుంది. అది నీళ్ళలో పడితే ఎవరికీ నష్టం లేదు.

జిగురక్క దేశం సగం ఏడో పట్టీలో, సగం ఎనిమిదో పట్టీలో పడుతుంది. చేరిన కొత్తలో పద్ధతి ప్రకారం చేస్తే, అక్కడికి వచ్చేసరికి ముందు పట్టీల సాగుడంతా దాని నెత్తిన పడింది. తను ఈత నేర్చుకున్న నది సగంలో తెగి, వెంట్రుకవాసి కిందికి జరిగి మళ్ళీ మొదలైంది. ఆ దేశాన్ని చీల్చేవాళ్ళు అక్కడ ఉన్నది చాలదా, ఇక్కడ నేను కూడానా అనుకుంది. మర్నాటి నుంచి ఎవరికీ చెప్పకుండా ఏడుతో మొదలుపెట్టింది. ఖాళీ గోళం మీద ఏడు, ఎనిమిది పక్కపక్కన పెట్టి, నదికి నదిని ఊపిరి బిగబట్టి కలిపేది. తర్వాత చుట్టూ తిరిగొచ్చి, ఆఖరున ఆరో పట్టీని మిగిలిన సందులో ఎలాగోలా సర్దేది. అది ఏడో పట్టీ ఎడమ అంచు మీదికి గోరంత ఎక్కేది. ఆ అంచున ఏముందో ఆమె ఎప్పుడూ వంగి చూడలేదు. ఉన్నది ఈ దేశం. తనకు నీడనిచ్చిన ఊరు.

అంతా విని పెద్దాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "సముద్రంలో మొదలుపెట్టమని మా నాన్న ఎందుకన్నాడో తెలుసా?" అన్నాడు.

"ఎందుకండీ?"

"చేపలు ఉత్తరాలు రాయవు కనుక."

బాబాయి మళ్ళీ నవ్వాడు. ఈసారి జిగురక్కకూ నవ్వొచ్చింది, కళ్ళు తడిగా ఉన్నా.

"తిట్టను. కానీ ఆరూ నువ్వే ఊడదీసి మళ్ళీ చెయ్యాలి. సముద్రం నుంచి" అన్నాడు పెద్దాయన.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పిల్ల బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది.

"ఆ ఉత్తరం నువ్వు రాసిందేగా?"

పిల్ల తల ఎత్తలేదు. "నా అక్షరాలు బాగుంటాయని టీచర్ నన్నే రాయమంది."

"అంటించింది నేనని తెలుసా?"

"నదిని చూడగానే తెలిసింది. అంత శ్రద్ధగా ఇంకెవరు కలుపుతారు?"

"మరి ఇంట్లో నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"అంటే నువ్వు ఏడుస్తావు. ఉత్తరం రాస్తే పనవుతుంది."

ఈ తెలివి ఎక్కడిదో అనుకుంది జిగురక్క. పిల్లే మళ్ళీ అడిగింది. "మామయ్యకి ఏం చెబుతావమ్మా?"

"నువ్వు చెప్పు."

"నన్నడగకు. ఉందామంటే నీకు దిగులు, వెళ్దామంటే నాకు భయం." పెన్సిలు కొన కొరుకుతూ పిల్ల మళ్ళీ అంది, "మామయ్య ఇంటి మెట్లు పదకొండు. ఇప్పటికీ కళ్ళు మూసుకుని ఎక్కగలను. అవంటే నాకు ఇష్టమేనమ్మా. ఎక్కాలనే లేదు."

తలుపు దగ్గర పిల్ల చెప్పులు ఒకటి అటు, ఒకటి ఇటు పడి ఉన్నాయి. ఒకటి బోర్లా పడింది. వరసగా పెట్టవేమే అని రోజూ కసురుకునే జిగురక్క ఆ రోజు వాటినే చూస్తూ నిలబడింది.

శుక్రవారం, శనివారం ఆరు గోళాలనూ తడిపి, గీకి, నునుపు చేసి సముద్రం నుంచి మొదలుపెట్టింది. ఏడో పట్టీ చేతిలోకి తీసుకున్నప్పుడు మొదటిసారి రెండు అంచులూ చూసింది. ఎడమ అంచున ఈ ఊరి చుక్క, కుడి అంచున ఆ నది. రెండింటి మధ్య జానెడు కూడా లేదు. ఎడమ అంచు ఆరో పట్టీతో చక్కగా కలిసింది. ఎనిమిదో పట్టీ వేశాక నది వెంట్రుకవాసి కిందికి జరిగింది. గోటితో పైకి తొయ్యబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. తడిబట్టతో మెల్లగా అద్ది, తొమ్మిదో పట్టీ అందుకుంది.

ఆదివారం పొద్దున తనే ఫోన్ చేసింది. తమ్ముడు షెడ్డులోనే ఉన్నాడు.

"ఏంటక్కా, పెట్టె సర్దావా?"

"లేదురా. రావడం లేదు."

అటువైపు ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. షెడ్డు మలుపులో గోడ అడ్డం, అందుకే అందరూ అక్కడ గంట కొడతారు.

"పరాయి చోటు అంత తియ్యగా ఉందా? కష్టంలో వెళ్ళావు, సరే. సుఖమొచ్చాకైనా రావాలి కదా? రేపు నీ ఊరేదని అడిగితే ఏం చెబుతావు?"

"అదే చెబుతాను. నా ఊరు అదే. ఉండేది మాత్రం ఇక్కడ."

"బాగుంది. ప్రేమ ఇక్కడ, కాపురం అక్కడ!"

"అంతేరా. రెండుసార్లు ఇలాగే సద్దుమణిగింది. రెండుసార్లూ నమ్మాను. నేనొక్కదాన్నే అయితే మూడోసారీ నమ్మి ఈపాటికి బస్సెక్కేదాన్ని. కానీ పిల్ల ఇప్పుడు చెప్పులు విప్పి పడుకుంటోంది."

తమ్ముడి గొంతు మెత్తబడింది. "విప్పుతోందా?"

"విప్పి ఎక్కడ పడితే అక్కడ విసిరేస్తోంది."

తమ్ముడు చిన్నగా నవ్వాడు. ముక్కు చీదుకున్న చప్పుడు కూడా వినపడింది. "సరే. అయితే నీ కుట్టుబల్ల రేపు వేరే ఆవిడకి ఇచ్చేస్తున్నాను. తర్వాత ఏడవకు."

"ఇచ్చెయ్" అంది. వెంటనే, "ఒరేయ్, దాని ఎడమ కాలు పొట్టి. కింద అట్టముక్క మడిచి పెట్టేదాన్ని. నాలుగు మడతలు. మూడు పెడితే ఊగుతుంది, కుట్టు వంకర పోతుంది" అంది.

"చెబుతాలే ఆవిడకి."

"చెప్పడం కాదు, నువ్వే పెట్టు. ఇప్పుడే."

"అబ్బా, అక్కడి నుంచి కూడా అధికారమేనా!" అన్నాడు గానీ ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. అట్ట చించుతున్నాడు. వంగుతూ మూలిగాడు. బల్ల కాలు నేల మీద కిర్రుమంది. జిగురక్క ఫోన్ చెవికి గట్టిగా నొక్కిపట్టుకుంది.

"ఊగుతోందా?" అని అడిగింది.

"లేదక్కా" అన్నాడు తమ్ముడు. "ఆగింది."