ఊ కొట్టే చోటు

నాకు కోపం ఎక్కువ. ముందే చెప్పేస్తే మంచిది. తాండూరులో కందిపప్పు దుకాణం మీది గదిలో పిల్లలకు సంగీతం చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి ఊళ్లో నా గురించి ఒకటే మాట: "రెబెక్క టీచర్ పాట మంచిగ చెప్తది గని, నోరే మంచిది గాదు." నిజమే. వికారాబాద్‌లో పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి, నిలబడి వచ్చి, రాతి దుమ్మూ పప్పు పొట్టూ కలిసిన గాలి పీలుస్తూ మెట్లెక్కి కూర్చున్నాక, శ్రుతి తప్పిన పిల్లను ముద్దు పెట్టుకోవాలా? నా వల్ల కాదు.

మా నాన్న వికారాబాద్‌లో చర్చిలో హార్మోనియం వాయించేవాడు. పెట్టె మీద వేళ్లు తిప్పడం ఆయన దగ్గర నేర్చుకున్నాను. గాత్రం హైదరాబాద్‌ కాలేజీలో నేర్చుకున్నాను. పెళ్లి చేసుకోలేదు. ఆ గదే నా సంసారం. నా తర్వాత ఆ చాప మీద ఎవరు కూర్చుంటారు, ఆ పెట్టె ఎవరు తెరుస్తారు అన్న బెంగ కొన్నేళ్లుగా నన్ను తొలిచేస్తోంది.

పిల్లలేమో మనం గీసిన గీత మీద నడవరు. దాల్ మిల్లు వాళ్ల శ్రేయను వాళ్లమ్మ టీవీలో పాడించాలని తెచ్చి నాకు అప్పగించింది. ఆ పిల్లకు పాట అక్కర్లేదు, హార్మోనియం కడుపులో ఏముందో కావాలి. ఒకరోజు నేను చాయ్ తాగి వచ్చేసరికి పెట్టె విప్పేసి, రీడ్లన్నీ చాప మీద పరుచుకుని కూర్చుంది. చెవి మెలిపెట్టాను. తీరా బిగించి చూస్తే, ఏళ్లుగా గరగరలాడే మధ్యమం శుభ్రంగా పలికింది. ఇప్పుడు శ్రేయ పాడదు, నా పెట్టె బాగు చేస్తుంది. ఈ సంగతి వాళ్లమ్మకు ఇంకా తెలియదు. నేను చెప్పను కూడా.

అంబిక సంగతి వేరు. పెద్దేముల్ పిల్ల, గొర్రెలు కాసుకునే కురుమల ఇల్లు, తొమ్మిదో తరగతి. తండ్రి మల్లేశ్వర్ తాండూరులోనే ఒక రాళ్ల పాలిష్ యూనిట్‌లో పని చేస్తాడు. మొదటి రోజు అతనే తీసుకొచ్చాడు. ఎడమ చేతికి రుమాలు చుట్టుకుని ఉంది. రాయి కోసే మిషన్‌లో రెండు వేళ్లు పోయాయని తర్వాత తెలిసింది.

"మేడమ్, మా బిడ్డకు పాట నేర్పుండ్రి," అన్నాడు. "డోలు, గజ్జెలు గవన్ని వద్దు. సల్లగ ఒక్కకాడ కూసొని పాడే పాట నేర్పుండ్రి."

పిల్ల నోరు తెరిచి 'స' అంది. తిత్తి ఊదుతున్న నా చెయ్యి ఆగిపోయింది. చేను ఈ గట్టున నిలబడి ఆ గట్టున ఉన్న మనిషిని పిలిచే గొంతు అది. ఎక్కడా వణుకు లేదు. నా తర్వాత ఈ గది ఈ పిల్లదే అని ఆరోజే నిశ్చయించుకున్నాను. పిల్లను అడగాలని మాత్రం తోచలేదు.

ఒక్కటే తప్పు. పాట ఎత్తుకుంటే ప్రతి వరుస చివరా ఆగిపోయేది. ఊపిరి చాలక కాదు. వరుస ముగించి, తల కొంచెం పక్కకు తిప్పి, ఒక క్షణం ఆగి, తర్వాతి వరుసకు వెళ్లేది. తాళం మనకోసం ఆగుతుందా? నా తల ప్రాణం తోకకొచ్చేది.

వారం వారం పిల్లను షేర్ ఆటోలో తెచ్చేది తాత మల్లప్ప. ఒగ్గుకథ చెప్పే మనిషి. డోలు మెడకు వేసుకుని చుట్టుపక్కల పల్లెల్లో కురుమల దేవుడు బీరప్ప కథ చెబుతూ బతికినవాడు. క్లాసు అయ్యేదాకా గొంగడి మడత వేసుకుని మెట్ల మీద కూర్చునేవాడు. అంత వరకు బాగానే ఉంది. కానీ పిల్ల లోపల ఒక వరుస పాడగానే బయటి నుంచి "ఊఁ" అనేవాడు. ఇంకో వరుస, ఇంకో "ఊఁ". నాకు ఒళ్లు మండింది. లేచి వెళ్లాను.

"ఏంది తాతా గీ ఊ కొట్టుడు?"

"ఒకలు చెప్తుంటే ఒకలు ఊ కొట్టాలె గద టీచరమ్మా. లేకుంటే చెప్పెటోల్లకు చెప్పబుద్ధి గాదు."

"ఇది కథ గాదు, గీతం. నువ్వు ఊ కొడితే పిల్లకు తాళం చెడ్తది. జర కిందికి పోయి చాయ్ తాగు."

ముసలాయన కోప్పడలేదు. "అట్లనే బిడ్డా," అని నవ్వి, గొంగడి భుజాన వేసుకుని దిగిపోయాడు. మళ్లీ ఎన్నడూ ఆ మెట్ల మీద కూర్చోలేదు. దుకాణం ముందు బస్తాల దగ్గర నిలబడేవాడు.

ఊ కొట్టడం ఆగింది గానీ పిల్ల ఆగడం ఆగలేదు. స్కేలుతో పెట్టె మూత మీద కొట్టాను. నా పక్కన కూర్చోబెట్టుకుని తొడ మీద తాళం వేయించాను. గోడకు చెప్పినట్టే అయింది.

"ఎందుకాగుతున్నవే పిల్లా?"

"ఎర్క లేదు టీచర్. నోరే ఆగుతుంది."

వికారాబాద్‌లో జరిగే గాత్రం పరీక్షకు పేరు రాయించాను. ఆ ఒక్క తప్పూ పోతే ఆ పిల్లకు ఎదురు లేదు. పోగొట్టి తీరాలని పట్టుబట్టాను.

ఎండలు ముదరక ముందే మల్లప్ప చనిపోయాడు. పొద్దున్నే మంద తోలుకుని పోయినవాడు కంది చేను గట్టు మీద ఒరిగిపోయాడట. గొర్రెలు చుట్టూ నిలబడి ఉంటే చూసిన వాళ్లు కేకలు పెట్టారట. ఆ వారం అంబిక రాలేదు, పై వారమూ రాలేదు. తర్వాత మల్లేశ్వర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, జర పరేషాన్ల ఉన్న. మా నాయిన దినాలకు మీరు రావాలె."

"వస్త. ఏమైంది?"

"మా ఇంట్ల ఒక పద్ధతుంది. డోలు కొట్టెటాయన పోతే, దినాల నాడు ఇంట్లోల్లు ఎవలన్న ఆ డోలు మెడల ఏస్కోవాలె. ఎవలు ఏస్కోకుంటే బీరప్ప గుడికి ఒప్పజెప్పాలె. గుడికి పోయిన డోలు మల్ల ఇంటికి రాదు."

"నువ్వున్నవు గద."

"నా చెయ్యి చూసినరు గద మేడమ్. అంబిక నేనేస్కుంట అంటుంది. బువ్వ తింటలేదు. ఊరూరు తిరుగుడు, తాగినోల్ల నడుమ పొద్దంత నిలవడుడు, మా నాయిన బతుకంత చూసిన నేను. నా బిడ్డకు వద్దు. అది మీ మాట ఇంటది. పాట పాడుకొమ్మనుండ్రి, డోలు ముట్టొద్దని చెప్పుండ్రి."

"నువ్వు ఫికర్ చెయ్యకు. నేను చెప్త," అన్నాను.

ఎందుకు అనను? డోలు గుడికి పోతే పిల్ల నా గదికి వస్తుంది. డోలు ఇంట్లో ఉంటే పిల్ల డోలు వెనక పోతుంది. ఆ రోజు ఆటోలో ఇరుక్కుని పెద్దేముల్ వెళుతూ, ఏ మాట ముందు అనాలో, ఏ మాటకు పిల్ల మెత్తబడుతుందో దారి పొడవునా లెక్క వేసుకున్నాను. చావింటికి వెళుతున్నానన్న ధ్యాస కూడా లేదు నాకు.

ఇంటి ముందు టెంటు వేశారు. మల్లప్ప ఫోటోకు దండ, ముందు అన్నం, కూరలు పెట్టారు. పక్కన పీట మీద డోలు. దాని నిండా పసుపు బండారి చల్లారు. అంబిక ఆ పీటను ఆనుకుని కూర్చుని, డోలు పట్టీ పిడికిట్లో పట్టుకుని ఉంది. జుట్టు చెదిరిపోయింది. నన్ను చూసి లేవలేదు. ఎప్పుడూ అంత పొగరు చూపని పిల్ల.

కర్ణాటకలోని సేడం వైపు నుంచి వచ్చిన దేవప్ప, మల్లప్పకు మేనల్లుడు, పెద్దరికం మీద వేసుకుని ఉన్నాడు. "పొద్దు వంగుతుంది. గుడికాడ పూజారి సూస్తుంటడు. ఇడువు బిడ్డా," అన్నాడు. పిల్ల వదల్లేదు. "ఆడపిల్ల మెడల డోలు మన తాన ఎన్నడన్న జూసినమా?" అని అందరినీ అడిగాడు. మల్లేశ్వర్ గోడకు చేరబడి, రుమాలు చుట్టిన చెయ్యి చంకలో దాచుకుని నా వైపు చూశాడు.

నేను పిల్ల ఎదురుగా కూర్చున్నాను. "అంబికా, తాతకు ఒక పాట పాడు. పాడినంక మాట్లాడుకుందాం." నా లెక్క నాది. నేను నేర్పిన పాట ఒకటి పాడిందంటే మనసు కుదుటపడుతుంది, పట్టీ వదులుతుంది అనుకున్నాను.

పిల్ల పాడింది. నేను నేర్పింది కాదు, తెల్లారకముందే లేచి మంద తోలుకుపోయిన తాత మీద కట్టుకున్నది.

"మబ్బుల లేచిండు మా తాత మల్లప్పా..."

పాడి, ఆగింది. తల కొంచెం పక్కకు తిప్పింది. నా నాలుక చివర "ఆగకు" అన్న మాట సిద్ధంగా ఉంది. అంతలో ఆ పిల్ల ఎటు చూస్తోందో చూశాను. గడప పక్కన అరుగు మీద మడత పెట్టిన గొంగడి ఒక్కటే ఉంది. మనిషి కూర్చునే చోటు ఖాళీ.

"మందనిడిసి పెట్టి యాడికి పోయిండూ..."

మళ్లీ ఆగింది. ప్రభువా! అది తప్పు కాదు. మాటలు వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల, తాత పక్కన కూర్చుని ఒక వరుస పాడితే, ఆయన ఊఁ అనేవాడు. అన్నాకే రెండో వరుస. నేను ఇన్నాళ్లూ స్కేలు పెట్టి కొట్టి మూయాలని చూసింది ఆయన చోటు. ఆ చోటు నుంచే ఆయన్ని లేపి కిందికి పంపాను.

దేవప్ప చెయ్యెత్తాడు. "సాలు బిడ్డా, ఇగ ఆపు."

మల్లప్ప భార్య ఎంకమ్మ అప్పటిదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. కొంగు తీసింది. "కథ ఎత్తినంక నడుమ ఆపుతరా దేవప్పా? మీ మామ ఎన్నడన్న ఆపిండా?" అంది.

అంబిక మూడో వరుస ఎత్తుకుంది. ఈసారి గొంతు వణికింది. ఎన్నడూ వణకని గొంతు.

"గట్టు మీద కూసోని నన్ను పిలిసిండూ..."

ఆగింది. ఎవరూ లేరు. పిల్ల కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, అయినా నాలుగో వరుసకు పోలేదు. ఊ కొట్టకుండా ఎట్లా పోతుంది?

"ఊఁ," అన్నారెవరో.

గోడ దగ్గర నుంచి వచ్చింది. మల్లేశ్వర్. అన్నాక తనే బిత్తరపోయినట్టు చూశాడు. తర్వాత గోడ వదిలి వచ్చి, కూతురి పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు. "ఊఁ. అటెన్క? అటెన్క ఏమాయె బిడ్డా?" అన్నాడు. అని చిన్న పిల్లాడిలా ఏడ్చాడు.

అంబిక నాలుగో వరుస పాడింది. అతను ఊ కొట్టాడు. ఐదో వరుస పాడింది. అట్లా ఎంతసేపు సాగిందో నేను చూసుకోలేదు. మధ్యలో మల్లేశ్వర్ చేతి రుమాలు విప్పి పక్కన పడేశాడు. మిగిలిన మూడు వేళ్లతో డోలు పట్టీ ముడి బిగించి పొట్టి చేసి, కూతురి మెడలో వేశాడు. "నా చెయ్యి పోయింది గని నీ చెయ్యి ఉన్నది. కొట్టు," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మేడమ్, మిమ్ముల ఒక మాటకని పిలిపిచ్చిన..." అని నీళ్లు నమిలాడు.

"నేనేం అన్లేదు గదయ్యా," అన్నాను.

అంబిక ఒక పక్క పుల్ల, ఒక పక్క అరచెయ్యి వేసింది. మొదటి దెబ్బ సరిగ్గా పడలేదు. రెండోది పడింది. బండారి పొడి లేచి పిల్ల ముఖం మీద పడింది. దేవప్ప కాసేపు నిలబడి చూసి, "ఆయ్తు, ఆయ్తు," అని కన్నడంలో, సరేలే అన్నట్టు గొణుక్కుంటూ కూర్చున్నాడు. నేను ఏడ్చాను. పోయిన ముసలాయన కోసం కొంత, నా గది కోసం ఎక్కువ. అబద్ధం చెప్పడం దేనికి?

ఆటో ఎక్కబోతుంటే అంబిక పరిగెత్తుకొచ్చింది. మెడలో డోలు అట్లాగే ఉంది.

"టీచర్, ఇగ నేను క్లాస్‌కు రావొద్దా?"

"ఎవరన్నరే? మొహం కడుక్కొని రా. పసుపు చాపకు అంటితే నేను ఊకోను."

ఆ వారం వచ్చింది. అరచెయ్యి వాచి ఉంది. రేపో మాపో తాతలాగే ఊళ్లు పట్టుకుని తిరుగుతుంది, నా చాప మీద కూర్చోదు, అది తెలిసిపోయింది. పరీక్షకు కూడా వెళతానంది, వెళ్లమన్నాను. ఆగితే మార్కులు తగ్గుతాయి. తగ్గనీ.

శ్రేయ పక్కన కూర్చుని రీడ్లు తుడుస్తోంది. నేను శ్రుతి పట్టాను. అంబిక గీతం ఎత్తుకుంది. మొదటి వరుస ముగించి, తల మెట్ల వైపు తిప్పి, ఆగింది.

మెట్ల మీద ఎవరూ లేరు.

"ఊఁ," అన్నాను నేను.

శ్రేయ తలెత్తి నా ముఖంలోకి చూసింది. అంబిక రెండో వరుసకు వెళ్లింది.