పలుగు గుంటలో ఉన్నంతసేపూ

ఆ ఊరి పేరు మెర్సీ వాగు. మెర్సీ అంటే దయ. పేరులో దయ ఉంది గనక ఊళ్లో దయ పేరుకే ఉండేది. కాలిఫోర్నియా కొండల్లో బంగారం పడిందని విని దిగినవాళ్లే అందరూ. బంగారం దొరికినవాళ్లు కొందరు, బెంగ దొరికినవాళ్లు తక్కినవాళ్లందరూ.

ఊరికి పోలీసు లేడు, కోర్టు లేదు. ఉన్నదల్లా ఒక్క కట్టుబాటు. ఎవడి పలుగూ పారా గుంటలో ఉంటే గుంట వాడిది. వాడు తాగి దొర్లినా, జ్వరంతో మూలిగినా, పలుగు నిలబడి ఉంటే వాడు నిలబడి ఉన్నట్టే. పలుగు తీశాడా, గుంట వదిలేసినట్టే. ఎవడైనా దిగొచ్చు. అందుకే మెర్సీ వాగు మగాళ్లు పెళ్లాలను వదిలి వచ్చారు గానీ పలుగును వదిలి అడుగు వేసేవాళ్లు కాదు, అది గుంటలో నిలబడి ఉంటే తప్ప.

ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన జోరీ ట్రెంబాత్‌కీ, వెర్మాంట్ నుంచి వచ్చిన ఎఫ్రాయిమ్ స్టోవెల్‌కీ కలిపి ఒకటే గుంట. చలికాలమంతా ఇద్దరూ చచ్చుమట్టి తోడి చచ్చారు. బంగారం బరువైన సరుకు, పెద్దమనిషిలా ఎప్పుడూ అట్టడుగున రాతిమీదే కూచుంటుంది. ఆ రాయి ఇంకో మూరెడు లోతులో ఉందనగా ఎఫ్రాయిమ్‌కి విరేచనాలు పట్టుకున్నాయి. "రాయి తగిలితే నన్ను లేపరా" అని పక్కకి తిరిగి పడుకున్నాడు. మళ్లీ తిరగలేదు.

ఇక జోరీకి ఆ గుంటే దిక్కు. ఇంటికి పోయే ఓడ ఆ మూరెడు మట్టికిందే లంగరేసి ఉంది.

చచ్చినవాడి సామాను వేలం వేసి, వచ్చిన డబ్బుతో శవపెట్టె చేయించడం ఊరి ఆనవాయితీ. పొద్దున్నే లూషియస్ పీబాడీ తన సారాకొట్టు ముందు వేలం పెట్టాడు. సారా అమ్మేదీ ఆయనే, వేలం వేసేదీ ఆయనే, పంచాయితీ తీర్చేదీ ఆయనే, శవం లేస్తే బైబిలు చదివేదీ ఆయనే. పక్కగుంట ఏమస్ ప్రూయిట్ ఎఫ్రాయిమ్ పలుగు పాడుకున్నాడు. దాని పిడి చీలితే ఎఫ్రాయిమ్ తన ఎర్రచొక్కా చింపి చుట్టాడు. ఆ గుడ్డ ఇంకా దానికే ఉంది.

మధ్యాహ్నం ఊరంతా కొండమీదికి కదిలింది. టోపీలు తీశారు, ముక్కులు చీదారు, పెట్టె దించారు. అప్పుడు చూశారు, గొయ్యి లేదు.

"పలుగు ఎవరు తెచ్చారయ్యా?" అన్నాడు పీబాడీ.

"నాది గుంటలో ఉందండీ."

"నాదీ అంతే."

"తమది తేలేకపోయారా, పీబాడీ గారూ?"

"నాకు రెండు గుంటలున్నాయి. రెండు పలుగులూ అక్కడే ఉన్నాయి."

అందరి చేతుల్లోనూ టోపీలే. జోరీ ప్రూయిట్ వైపు తిరిగాడు.

"ఏమస్, పొద్దున కొన్నావు కదరా. అది ఏ గుంటలోనూ లేదుగా. వాడి గొయ్యి వాడి పలుగుతోనే తవ్వుదాం."

"పిడి వదులైంది జోరీ. కమ్మరికిచ్చాను. లేకపోతే నీకివ్వనా?"

"సాయంత్రం దాకా ఆగుదాం," అన్నాడు ఫినెగన్ అనే ముసలి ఐరిష్‌వాడు. "శవానికి తొందరేముంది?"

"శవానికి లేదు మావా, ఎండకుంది," అని జోరీ కొండ దిగబోయాడు.

ఫినెగన్ వాడి చెయ్యి పట్టుకున్నాడు. "నీది తీయకురా."

"ఊరంతా ఇక్కడే ఉంటే నా గుంటలో దిగేదెవడు మావా?"

వెళ్లి పలుగూ పారా భుజాన వేసుకొచ్చాడు. ఆ కొండలో మట్టి తక్కువ, మొండితనం ఎక్కువ. పలుగు దెబ్బకి నిప్పురవ్వలు లేచాయి. "స్నేహితుడంటే నువ్వేరా," అని ప్రూయిట్ రుమాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. కీర్తన ఎత్తుకునేసరికి రుమాలూ లేదు, ప్రూయిటూ లేడు. ఏడుపు ఆపుకోలేక పక్కకి వెళ్లాడేమో అనుకున్నాడు జోరీ. పాపం, జోరీకి అలా అనుకునే జబ్బు ఒకటుంది.

కప్పెట్టి కిందికొచ్చి చూస్తే గుంట మధ్యలో పలుగు ఒకటి నిటారుగా నిలబడి ఉంది. పిడికి ఎర్రగుడ్డ చుట్టి ఉంది. గట్టుమీద ప్రూయిట్ చుట్ట కాలుస్తున్నాడు.

అప్పటికప్పుడే సారాకొట్టులో పంచాయితీ కూచుంది.

"నేను గొయ్యి తవ్వుతున్నానని నీకు తెలీదురా?" అన్నాడు జోరీ.

"తెలుసు. కళ్లారా చూశాను. నీ పలుగు అక్కడుంటే ఇక్కడ గుంట ఖాళీ అని తెలీదా మరి?"

"అయ్యా, మీరందరూ అక్కడే ఉన్నారు. నేను ఎందుకు తీశానో చూశారు."

పీబాడీ గొంతు సవరించుకున్నాడు. "చూశాం నాయనా. కానీ చట్టం ఎవరికీ చుట్టం కాదు."

"అవునండీ. ఏమస్‌కి మాత్రం మేనమామ వరస."

కొందరు నవ్వారు. నవ్వినవాళ్లే ప్రూయిట్ వైపు చేతులెత్తారు. ఇవాళ జాలిపడి ఒక్కడికి సడలిస్తే రేపు తమ గుంటల్లో పలుగుకి విలువేముంటుందని ప్రతివాడికీ భయం. ఓట్లన్నీ ఓటికుండలయ్యాయి. ఫినెగన్ చెయ్యి ఎత్తలేదు, నోరూ ఎత్తలేదు. ఎవడు తవ్విన గోతిలో వాడే పడతాడని సామెత. అది చెడ్డవాళ్లకోసం పుట్టింది. మెర్సీ వాగు దాన్ని మంచివాళ్లకి కూడా సమానంగా పంచింది.

జోరీ కొండెక్కి ఎఫ్రాయిమ్ సమాధి పక్కన నేల నాలుగు దెబ్బలు తవ్వి, పలుగూ పారా అందులో నిలబెట్టాడు. పక్కనే గుడారం వేసుకున్నాడు.

కొన్నాళ్లకి అవే విరేచనాలు ఫినెగన్‌ని పట్టుకున్నాయి. ప్రూయిట్ తప్ప మళ్లీ ఊరంతా కొండెక్కింది. మళ్లీ చేతుల్లో టోపీలే.

"జోరీ, ఆ పలుగు కాస్త ఇటియ్యి," అన్నాడు పీబాడీ.

"గుంటలో ఉందండీ."

"ఇది శ్మశానంరా."

"ఖాళీగా ఉంటే పలుగు పెట్టాను. కట్టుబాటు తమదే."

"ఇక్కడ బంగారమెక్కడుందిరా పిచ్చోడా?"

"లేదనే పెట్టానండీ. ఉంటే ఏ శవం లేచినప్పుడో తీసుకుంటారుగా."

ఎవరూ నవ్వలేదు. పలుగుమీద చెయ్యి వెయ్యడానికీ ఎవరూ ముందుకు రాలేదు. వేస్తే కింద తమ పలుగు మాటేమిటి? జోరీ పెట్టెవైపు చూశాడు. పంచాయితీలో నోరెత్తని ముసలాడే. కానీ చెయ్యి పట్టుకుని ఆపిందీ వాడే.

"పలుగు నా గుంట దాటదు," అన్నాడు. "మావనే నా గుంటలోకి దించండి."

అని తవ్వడం మొదలుపెట్టాడు. సగం తవ్వాడో లేదో వాగులోంచి కేక వినిపించింది. ప్రూయిట్ గొంతు.

"రాయి తగిలింది! పచ్చగా ఉందిరోయ్, పిడికెళ్లకి పిడికెళ్లు!"

బైబిలు చటుక్కున మూసుకుంది. టోపీలు తలలెక్కాయి. కొండ దిగిన కాళ్ల చప్పుడు వాగు దాకా వినిపించి ఆగిపోయింది. కొండమీద పెట్టె మిగిలింది, జోరీ మిగిలాడు.

జోరీ గొయ్యి పూర్తిచేశాడు. ఒక్కడే పెట్టెని తాళ్లతో ఈడ్చి దించాడు, మట్టి కప్పాడు. తర్వాత పలుగుని మళ్లీ దాని చోట నిలబెట్టి, ఎఫ్రాయిమ్ సమాధి దగ్గర మోకాళ్లమీద కూచున్నాడు.

"లేపమన్నావు కదరా," అన్నాడు మెల్లగా. "రాయి తగిలింది. పడుకో."